పెరటి కొలనులో రంగుచేపలు

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పెరట్లో తులసికోట, కరివేపాకు చెట్టు, ఒక మల్లెపొద చాలా ఇళ్లలో వుంటాయి. వాటి పక్కన చిన్న కొలను, అందులో నిదానంగా ఈదే ఎరుపు, తెలుపు, బంగారు రంగుల చేపలు కూడా వుంటే ఎంత బాగుంటుందో అని చాలామందికి కోరిక. ఇప్పుడు అక్వేరియం దుకాణాల్లో కోయి చేపలు వేలెడంత పిల్లలుగా దొరుకుతున్నాయి. ముచ్చటపడి నాలుగు కొనేస్తారు. ఇంటికి తెచ్చాక వాటిని ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తారు. ఈవేళ నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. ఆ వరస తిరగెయ్యాలి. ముందు కొలను, తరువాత నీళ్లు, అన్నిటికన్నా ఆఖరున చేపలు.

ఇంతకీ ఈ కోయి ఏమిటంటారా? మన చేపల బజారులో ‘బంగారుతీగ’ అని అమ్మే చేప వుంది చూశారూ, దాని జాతిదే ఇది. సుమారు రెండువందల ఏళ్ల కిందట జపాన్‌లో నీగాతా ప్రాంతపు కొండపల్లెల్లో వరి పండించే రైతులు తిండికోసం ఈ చేపల్ని పెంచుకునేవారు. వాటిలో అప్పుడప్పుడు రంగు మచ్చలతో పిల్లలు పుట్టేవి. వాటిని వండుకోకుండా వేరే పెట్టి, తరతరాలుగా ఏరి ఏరి పెంచారు. 1914లో టోక్యో ప్రదర్శనలో పెట్టినప్పుడు అందరి కళ్లూ వాటిమీద పడ్డాయి. జపాను వాళ్లు వీటిని ‘నిషికిగోయి’ అంటారు. ‘నిషికి’ అంటే రంగుల పట్టుతో, జరీతో నేసిన బట్ట. అంటే జరీచీర కట్టిన చేప అన్నమాట! ఇది దివాణాల్లో పుట్టిన వేడుక కాదు, పొలం గట్టున పుట్టింది. అంచేత మనం చేతులారా చేసుకోవడానికి బెదరవలసిన పనేమీ లేదు. కాని దాని లెక్కలు తెలుసుకుని చెయ్యాలి.

మొదటి లెక్క చేపది. వేలెడంత చేపపిల్ల అలాగే వుండిపోదు. బాగా పెంచితే రెండడుగుల దాకా పెరుగుతుంది. పాతికేళ్లు బతకడం వింత కాదు. ‘చిన్న తొట్టిలో వేస్తే చేప చిన్నగానే వుంటుంది’ అని కొందరు అంటారు. చిన్నగా వుండటం కాదండీ అది, ఎదుగుదల గిడసబారి, తన మురికిలో తానే వుండి, త్వరగా చచ్చిపోవడం. అందుకని ఒక్కో కోయికి వెయ్యి లీటర్ల నీరు చొప్పున లెక్క వేసుకోండి. నాలుగు చేపలకు నాలుగువేల లీటర్లు. ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల నీటిలోతు వున్న కొలను పడుతుంది. ఈ కొలతలు గుణిస్తే 140 ఘనపుటడుగులు వస్తాయి. ఒక ఘనపుటడుగుకు సుమారు 28 లీటర్ల చొప్పున చూసుకుంటే దాదాపు నాలుగువేల లీటర్లు సరిపోతాయి.

ఆ నీటి బరువు నాలుగు టన్నులు. కాబట్టి మేడమీద, బాల్కనీలో ఈ కొలను మాట తలపెట్టవద్దు. అపార్టుమెంటులో వుండేవాళ్లు నిరుత్సాహపడనక్కర్లేదు. వంద లీటర్ల వెడల్పాటి తొట్టిలో ఒక కలువ దుంప నాటి, గప్పీ చేపలు పది వేసుకోండి. అదీ కొలనే. దాని అందం దానికి వుంది. వేసవిలో ట్యాంకరు నీళ్లు కొనుక్కునే ఇంట్లో కూడా కోయి కొలను వద్దనే నా సలహా. ఇంట్లోవాళ్లకు బిందె నీళ్లు లెక్కపెట్టి ఇస్తూ చేపలకు పోస్తుంటే ఆ కొలను ఎన్నాళ్లు ముచ్చటగా వుంటుంది చెప్పండి?

ఇక చోటు. వేపచెట్టు, మామిడిచెట్టు కింద వద్దు. ఆకులు రాలి కుళ్లుతాయి, వేళ్లు గోడల్ని చీలుస్తాయి. సెప్టిక్ ట్యాంకుకు దూరంగా వుండాలి. వాన నీరంతా పారివచ్చే పల్లంలో వుండకూడదు. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటు దొరికితే అదృష్టమే. అన్నిటికన్నా ముఖ్యం, వంటింటి కిటికీలోంచి కనపడే చోటు చూసుకోండి. కళ్ల ముందు వుంటే అందమూ అనుభవిస్తారు, చేపకు నలతగా వుంటే వెంటనే పసిగడతారు కూడాను.

నాలుగడుగుల లోతూ తవ్వడం ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకూ నడుము విరిగే పని. అంచేత సగం తవ్వి, సగం కట్టుకుందాం. రెండడుగులు తవ్వించి, ఆ పైన చుట్టూ తొమ్మిదంగుళాల మందాన రెండడుగుల ఇటుక గోడ లేపుకోవాలి. దీనివల్ల లాభాలు చాలా వున్నాయి. మట్టి తక్కువ తవ్వుతాం, వాన మురుగు లోపలికి రాదు, సాయంత్రంపూట కూర్చోవడానికి అరుగు దొరుకుతుంది. నీళ్లు గోడ అంచుకు అరడుగు కిందే ఆపాలి. కొత్త కోయిలు బెదిరి పైకి ఎగురుతాయి. తవ్వకానికి ఒక పూట మనిషిని పెట్టుకోండి. గోడకు తాపీ మేస్త్రీని పిలవండి. మిగిలినదంతా మనమూ పిల్లలూ కలిసి చేసుకోవచ్చు. గోడ అంచు నాలుగువైపులా సమంగా వుందో లేదో నీళ్లు నింపిన లెవెల్ పైపుతో చూసుకోండి. గోడ ఒకపక్క వాలిందంటే నీళ్లు నింపాక జీవితాంతం ఆ వంకరే కనిపిస్తుంది.

అడుగున రాళ్లు, వేళ్లు ఏరేసి, రెండంగుళాల ఇసుక పరవండి. దానిమీద, గోడలకూ పాత దుప్పట్లు, గోనెపట్టాలు వేసి, పైన రబ్బరు షీటు పరవాలి. కొలనుల కోసమే అమ్మే దళసరి షీటును అడిగి తీసుకోండి. దాని కొలతకు చిట్కా ఏమిటంటే, పొడవుకు లోతు రెండింతలు కలిపి, ఆ పైన ఇంకో రెండడుగులు చేర్చండి. వెడల్పుకూ అంతే. మనం అనుకున్న కొలనులో గోడ అంచుదాకా లోతు నాలుగడుగులు కదా, షీటు 18 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు కావాలి. చీర కుచ్చిళ్లు సర్దినట్టు మూలల్లో మడతలు సర్దుకుంటూ నెమ్మదిగా నీళ్లు నింపితే ఆ బరువుకే షీటు కుదురుకుంటుంది.

షీటు వద్దు, సిమెంటు తొట్టే కావాలంటారా? అలాగే కట్టించుకోండి. కాని కొత్త సిమెంటులోంచి సున్నం నీళ్లలోకి దిగి చేపల్ని చంపుతుంది. ఎప్పటిలా గోడలు తడిపి గట్టిపడనిచ్చాక, తొట్టి నింపి, కొన్ని రోజులు వుంచి, పారబోసి, మళ్లీ నింపాలి. ఇలా మూడు నాలుగు సార్లు చెయ్యాలి. అరటిబోదె ముక్కలు వేసి నానబెట్టే అలవాటు కూడా మనవైపు వుంది. ఏది చేసినా, నీటి పీహెచ్ ఏడుకూ ఎనిమిదిన్నరకూ మధ్య నిలకడగా వుందని పరీక్ష కాగితంతో చూసుకున్నాకే తొట్టి సిద్ధమైనట్టు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. కొలనుకు గుండెకాయ ఫిల్టరు. చేప తిన్నది విసర్జిస్తుంది, మొప్పల ద్వారా కూడా అమ్మోనియా వదులుతుంది. అమ్మోనియా చేపకు విషం. నీటిలో వుండే ఒకరకం మేలుచేసే సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. ఇంకో రకం వచ్చి దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. అది అంత ప్రమాదం కాదు, పైగా మొక్కలకు ఎరువు. ఈ సూక్ష్మజీవులు కాపురం వుండటానికి ఒక ఇల్లు కావాలి. ఆ ఇల్లే ఫిల్టరు.

దీన్ని బజారులో కొననక్కర్లేదు. 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి తీసుకోండి. అందులో ఇదివరకు ఏ రసాయనమూ నిలవచెయ్యలేదని రూఢి చేసుకోవాలి సుమండీ. కొలనులోంచి మోటారు తోడిన నీరు పైపుద్వారా డ్రమ్ము అడుగుకు చేరాలి. అడుగున చెత్త నిలవడానికి కాస్త ఖాళీ వదిలి, అక్కడ ఒక కుళాయి బిగించండి. ఆ పైన చిల్లుల పళ్లెం, దానిమీద స్పాంజి ముక్కలు, ఆ పైన ప్లాస్టిక్ సీసా మూతలు, పీవీసీ పైపు ముక్కలు ఉల్లిపాయల వలసంచుల్లో కట్టి పెట్టండి. నీరు వీటి సందుల్లోంచి పైకి వచ్చి, డ్రమ్ము పైఅంచు దగ్గర పెట్టిన లావుపాటి గొట్టంలోంచి మళ్లీ కొలనులోకి పడాలి. గంటా రెండు గంటల్లో కొలను నీరంతా ఒక్కసారి ఫిల్టరు గుండా తిరిగేంత మోటారు చాలు. ఇది రాత్రింబవళ్లు ఆగకుండా తిరగాలి. 60 వాట్ల మోటారైతే నెలకు 43 యూనిట్లు కాలుతుంది. ఈ ఖర్చు ముందే లెక్కలో రాసుకోండి. కరెంటు పోయినప్పుడు గాలి బుడగలు పంపే బ్యాటరీ పంపు ఒకటి ఇంట్లో వుండాలి.

ఫిల్టరు బిగించినంత మాత్రాన పని మొదలవదు. ఇది పాలు తోడేసినట్టే. సూక్ష్మజీవులు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా మోటారు తిప్పుతూ, చేపలు లేకపోయినా రోజూ చిటికెడు చేపల మేత నీళ్లలో వెయ్యండి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది, దాన్ని తిని సూక్ష్మజీవులు పెరుగుతాయి. తెలిసినవాళ్ల ఇంట్లో జబ్బులు లేని పాత కొలను వుంటే, వాళ్ల ఫిల్టరులోంచి ఓ స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోండి. పక్కింటినుంచి తోడు పెరుగు తెచ్చుకున్నట్టే, పని త్వరగా అవుతుంది. పరీక్షించే చుక్కల మందు దుకాణంలో దొరుకుతుంది. అమ్మోనియా, నైట్రైటు మొదట పెరిగి, తరువాత రెండూ సున్నాకు దిగినప్పుడు కొలను తోడుకున్నట్టు. అంతదాకా చేపల దుకాణం వైపు వెళ్లకండి.

ఇంకో శత్రువు మన కుళాయిలోనే వుంది. మునిసిపల్ నీటిలో మన మంచికోసం కలిపే క్లోరిన్ చేపల మొప్పల్ని కాల్చేస్తుంది. నీటిని వేరే తొట్టెలో ఒకటి రెండు రోజులు తెరిచి వుంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. తొందరైతే దుకాణంలో యాంటీ క్లోరిన్ మందు దొరుకుతుంది. ‘కాసేపే కదా’ అని కుళాయి గొట్టం కొలనులో పడేసి, ఫోను మోగిందని లోపలికి పోయారనుకోండి, వచ్చేసరికి చేపలు తేలిపోతాయి. ఏళ్ల తరబడి పెంచిన చేపలు ఒక్క పూటలో పోయేది చాలావరకు ఇలాగే.

చేపల సంగతి ఇలావుంటే, అంతకన్నా ముఖ్యమైనది ఇంట్లో పసిపిల్లల సంగతి. కొద్దిపాటి నీళ్లలో కూడా పసిబిడ్డ చప్పుడు కాకుండా మునిగిపోతుంది. కేక వెయ్యడానికి కూడా వ్యవధి వుండదు. అందుచేత మన పిల్లలున్నా, పక్కింటి పిల్లలు వచ్చేవాళ్లయినా కొలనుకు ఇనుప జాలీ మూత చేయించి తాళం వెయ్యండి. జాలీ మీద పిల్లవాడు నిలబడ్డా కుంగకూడదు. ఆ జాలీయే కొంగల్నీ, లకుముకి పిట్టల్నీ, పిల్లుల్నీ ఆపుతుంది. అలాగే మోటారు తీగకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి తప్పనిసరి. తీగ ఎక్కడైనా చితికితే రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియను చేతే చేయించాలి. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీసెయ్యాలి. ఈ రెంటికీ డబ్బు సరిపోకపోతే కొలను పని వచ్చే ఏటికి వాయిదా వెయ్యండిగాని, వీటిని మాత్రం వాయిదా వెయ్యకండి.

ఇక అలంకరణ. ఇక్కడే మన చేతివాటం కనపడేది. గోడ పైఅంచుకు తాండూరు బండగాని, కడప బండగాని పరిస్తే కూర్చోవడానికి చల్లగా వుంటుంది. నీళ్ల లోపల మాత్రం ఇవి వద్దు, సున్నపురాతి జాతివి గదా. లోపల వెయ్యాలంటే నున్నటి నల్లరాయి, ఏటి గులకరాళ్లు చాలు. అవి కూడా కొద్దిగానే. అడుగంతా రాళ్లు పరిస్తే సందుల్లో మురికి పేరుకుంటుంది. జపాను తోటల్లో రాతి తొట్టిలోకి వెదురు గొట్టంనుంచి నీరు సన్నగా పడుతూ వుంటుంది. మనకు రాతి తొట్టి కొననక్కర్లేదు. మిక్సీలు, గ్రైండర్లు వచ్చాక ఎన్నో ఇళ్లలో పాత రోలు పెరట్లో ఓ మూల పడి వుంది. దాన్ని శుభ్రంగా కడిగి, గోడ పక్కన దిమ్మెమీద కొలనువైపు కాస్త వాల్చి కదలకుండా నిలబెట్టండి. ఫిల్టరునుంచి వచ్చే నీరు రోట్లో నిండి కొలనులోకి జారుతుంది. చూడటానికి అందం, వినడానికి హాయి. పడే నీటితో గాలి కలిసి చేపలకు ఊపిరి కూడా.

కలువలు, తామరలు తప్పక వెయ్యండి. అయితే కోయిలు బురద పెళ్లగించి వేళ్లు పీకుతాయి. వెడల్పు కుండీల్లో బంకమట్టి వేసి దుంప నాటి, పైన పిడికిలంత గులకరాళ్లు దట్టంగా పేర్చండి. గుర్రపుడెక్క పూలు బాగుంటాయని తేకండి. అది అల్లుకుపోతే ఆపలేం. నీళ్లమీద సగందాకా ఆకుల నీడ వుంటే పాచి తగ్గుతుంది. గోడ బయట చేమ ఆకులు, మెట్టతామర దుబ్బులు నాటితే డ్రమ్ము కనపడకుండా పోతుంది. నాణేలు, రంగులు వేసిన బొమ్మలు నీళ్లలో వెయ్యకూడదు. రాగి చేపలకు కీడు చేస్తుంది.

ఇప్పుడు చేపలు తెచ్చుకుందాం. మూతి పక్కన రెండు జతల మీసాలుంటే కోయి, మీసాలు లేకపోతే గోల్డ్‌ఫిష్. తెల్లటి ఒంటిమీద ఎర్ర మచ్చలున్నది ‘కొహాకు’. దానికి నల్ల చుక్కలు తోడైతే ‘సాంకే’. నల్లటి ఒంటిమీద ఎరుపు, తెలుపు అయితే ‘షోవా’. ఒళ్లంతా ఒకే లోహపు మెరుపైతే ‘ఓగోన్’. పేరు చూసి కాదు, చురుకుదనం చూసి కొనండి. రెక్కలు ముడుచుకుని మూలన నిలబడ్డదాన్ని జాలిపడి తేవద్దు. మొదట రెండే తెండి. సంచీని విప్పకుండా పావుగంట నీళ్లమీద తేలనిచ్చి, వేడి సమానమయ్యాక చేపను మెల్లగా వదలండి. సంచీ నీళ్లు మాత్రం కొలనులో పొయ్యకండి. ఆ తరువాత తెచ్చే చేపల్ని రెండు మూడు వారాలు విడి తొట్టిలో వుంచి, జబ్బు లేదని తేలాకే పాతవాటితో కలపాలి.

మేత విషయంలో మన అమ్మమనసును అదుపులో పెట్టుకోవాలి. ఈ జాతి చేపకు కడుపు అనే సంచీయే వుండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. ఒక్కసారి ఎక్కువ వేస్తే సగం వృథా అయి నీళ్లు చెడతాయి. రోజుకు రెండుసార్లు, అయిదు నిమిషాల్లో తినగలిగినంతే వెయ్యండి. మనిషి అలికిడి వినగానే గట్టుకు వచ్చి నోళ్లు తెరుస్తాయి. అది ఆకలి కాదు, అలవాటు. వచ్చిన చుట్టాలందరూ తలో గుప్పెడు వెయ్యకుండా చూసుకోండి. అన్నం, ఇడ్లీ ముక్కలు వద్దు.

మన ఇంటి పనుల్లో కొన్ని కొలనుకు గిట్టవు. సబ్బునీళ్లు, ఫినాయిలు ఒక్క చెంబెడు పడినా ముప్పే. సంక్రాంతి రంగుల ముగ్గు గాలికి ఎగిరి పడకుండా దూరంగా పెట్టుకోండి. దోమల మందు స్ప్రేలు చేపలకు చాలా విషం. వీధిలో పొగమందు కొడుతుంటే కొలనుమీద పట్టా కప్పండి. ‘కొలనంటే దోమలు కదా’ అంటారేమో. కదిలే నీళ్లలో, చేపలున్న చోట దోమపిల్లలు బతకవు. డెంగీ దోమ పెరిగేది కొలనులో కాదు, పూలకుండీ కింద పళ్లెంలో, మూల పడేసిన కొబ్బరి చిప్పలో. వాటిని బోర్లించండి.

వేసవి అసలు పరీక్ష. నీళ్లు వేడెక్కినకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. మార్చి రాగానే కొలనుపైన పచ్చ నీడవల కట్టండి. ఎండలు ముదిరితే మూడు నాలుగు రోజుల్లో అంగుళం నీరు ఆవిరైపోతుంది. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి మింగుతుంటే ఊపిరి చాలడం లేదన్నమాట. వెంటనే మేత ఆపి, గాలి పంపు పెట్టాలి. వారానికోసారి పదోవంతు నీరు, అంటే 400 లీటర్లు తీసి, క్లోరిన్ పోయిన కొత్త నీరు పొయ్యాలి. తీసిన నీరు పారబొయ్యకండి. అందులో నైట్రేటు వుంది, మొక్కలకు బలం. కరివేపాకుకూ, వంగమొక్కలకూ పోసి చూడండి. ఎలాగూ మొక్కలకు పోసే నీళ్లే చేపల ఇంటిమీదుగా వెళుతున్నాయని లెక్కేసుకుంటే దుబారా అనిపించదు. ఫిల్టరు స్పాంజిని కూడా ఈ తీసిన నీళ్లలోనే జాడించాలి. కుళాయి కింద కడిగితే, వారాల తరబడి తోడుకున్న సూక్ష్మజీవులన్నీ పోతాయి.

ఒక్క మనవి. ఇల్లు మారుతున్నా, ఓపిక లేకపోయినా ఈ చేపల్ని ఊరి చెరువులోనో కాలవలోనో వదిలెయ్యకండి. అది పుణ్యం కాదు. ఈ జాతి అడుగు మట్టి పెళ్లగించి నీళ్లు బురద చేసి, అక్కడి మొక్కల్నీ, సొంత చేపల్నీ బతకనివ్వదు. ఆస్ట్రేలియాలో మర్రే - డార్లింగ్ నదుల్లో ఈ జాతి పెరిగిపోయి పెద్ద తలనొప్పిగా తయారైంది. కొలను వున్న ఇంకొకరికి ఇవ్వండి, లేదా దుకాణదారుకే తిరిగి ఇవ్వండి.

ఇంత చెప్పాక, ‘అమ్మో, ఇది మనవల్ల అయ్యే పని కాదు’ అనుకుంటున్నారా? ఎందుకు కాదూ? పాలు తోడెయ్యడం, బియ్యం నానబెట్టడం, ఊరగాయ ఊరేదాకా ఆగడం మనకు కొత్త కాదు. ఏది ఎంతసేపట్లో సిద్ధమవుతుందో తెలిసి, ఆ వేళదాకా మూత తియ్యకుండా ఆగడమే వంటింటి విద్య. కొలనుకూ కావలసింది ఆ విద్యే. నీళ్లను మీరు చూసుకోండి, చేపల్ని నీళ్లే చూసుకుంటాయి.